మట్టిని నిలువునా కొయ్యకండి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో ఈమధ్య ఏ కాలనీకి పోయినా అపార్టుమెంటు సెల్లారు కోసం తవ్విన గుంత ఒకటి కనిపిస్తోంది. ఇరవై అడుగుల లోతు, నాలుగు పక్కలా నిట్టనిలువు కోత. కోత అంచుకు నాలుగైదు అడుగుల దూరంలో పక్కవాళ్ల ప్రహరీ, దాని వెనకే వాళ్ల వంటిల్లు. కింద ఆడా మగా కూలీలు ఫుటింగులు తీస్తూ, ఇనుము కడుతూ ఉంటారు. వాళ్ల పక్కన ఆ మట్టి దేని ఆధారంతో నిలబడి ఉందో అడిగే మనిషి లేడు. ఈ సంగతి మీ పేపరు ద్వారా నలుగురికీ చెప్పాలని రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడుగైంది. వీలైతే కుదించకుండా వేయండి.

నేను సింగరేణి మనిషిని. మొదట బాయి లోపల, అంటే భూగర్భ గనిలో, తర్వాత భూపాలపల్లి దిక్కు పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గనిలో ఓవర్‌మెన్‌గా, అంటే షిఫ్టులో పనీ భద్రతా చూసే సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. పిల్లల చదువుల కోసం హనుమకొండలో ఇల్లు కట్టుకుని ఇక్కడే స్థిరపడ్డాం. ఓపెన్‌కాస్టులో బొగ్గు తీయడం కంటే దాని మీదున్న మట్టినీ రాయినీ తీయడమే పెద్ద పని. దాన్ని మేం ఓబీ అంటాం. షవళ్లు, డంపర్లు, డోజర్లు, డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ అన్నీ ముందు ఆ ఓబీ కోసమే. అంత పెద్ద పనిలో మా పై అధికారులు మాకు మొదట నేర్పింది ఒకటే: మట్టి పక్కను ఎప్పుడూ నిలువుగా వదలొద్దు.

ఇది ఎవరో ఒక మేనేజరు పెట్టుకున్న పద్ధతి కాదు. బొగ్గు గనుల రెగ్యులేషన్లలోనే రాసి ఉంది. అవి 1957లో వచ్చాయి, 2017లో మళ్లీ కొత్తగా రాశారు. మట్టి, మొరం, గులక, బంకమట్టి లాంటి మెత్తని నేలలో పక్కలను 45 డిగ్రీలకు మించని వాలుతో కొయ్యాలి. లేదంటే మెట్లుగా కొయ్యాలి. ఒక్కో మెట్టు ఎత్తు మీటరున్నర దాటొద్దు, మెట్టు వెడల్పు దాని ఎత్తుకు తగ్గొద్దు. పెద్ద మిషన్లతో అంతకంటే ఎత్తు మెట్లు, అంటే బెంచీలు, కొయ్యాలంటే గనుల భద్రత చూసే డీజీఎంఎస్ నుంచి అనుమతి తెచ్చుకోవాలి. ఆ అనుమతితో పాటు బెంచి ఎంత వెడల్పుండాలి, ఏ మిషన్ వాడాలి, రోడ్డు ఎంత వాలుండాలి అని బోలెడు షరతులు వస్తాయి. మనుషులు, ఇళ్లు దగ్గర్లో లేని అడవి జాగాలో తవ్వే గుంతకు ఇన్ని షరతులున్నాయి. నడి ఊళ్లో, పక్కింటి పునాదిని ఆనుకుని తవ్వే గుంతను మాత్రం ఓనరు నోటిమాట మీద కోసేస్తున్నారు.

మొన్న మా వెనక వీధిలో ఇలాంటి గుంతే తవ్వుతుంటే పోయి చూశాను. హిటాచీ ఆపరేటరు పరకాల దిక్కు పిల్లగాడు. చెయ్యి చాలా మంచిది. పైనుంచి బకెట్ దించి, పళ్లతో పక్కను చెక్కుకుంటూ కిందిదాకా ఒక్క గీత మీద తెస్తున్నాడు. మధ్యలో ఆపించి మాట్లాడాను.

"ఇట్ల సీదా కొయ్యద్దు బిడ్డా, వాన పడితే జారుతది" అన్నాను.

"నాకెరుక లేదా కాకా! స్లోపిస్తే జాగ పోతదంటడు ఓనరు. నేను బండి ఆపితే రేపు ఇంకో బండి వస్తది. నాకు గంటలు పోతయి" అన్నాడు.

అతని ట్రాకులు గుంత అంచుకు సమాంతరంగా ఉన్నాయి. అంచు కుంగితే బండి మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది, తప్పించుకునే దారి ఉండదు. ట్రాకులు అంచుకు అడ్డంగా, అంటే ముక్కు గుంత వైపు, వీపు ఖాళీ జాగ వైపు ఉంటే లీవర్లు లాగి వెంటనే వెనక్కి రావచ్చు. ఆ మాట చెప్పగానే బండి తిప్పుకున్నాడు. చెప్తే వినే పిల్లలే వీళ్లంతా. చెప్పేవాళ్లు సైటు మీద లేరు. సూపర్‌వైజరు అనే మనిషి టిప్పర్ల ట్రిప్పులు రాసుకుంటున్నాడు, అంతే.

కోసిన రోజు మట్టి నిలబడుతుంది. అందరినీ మోసం చేసేది అదే. కొంచెం తడి ఉన్న మట్టిలో రేణువుల మధ్య ఆ తడే పట్టు ఇస్తుంది. నాలుగు రోజులు ఎండకు ఆరితే పైపొర పట్టు తప్పి పెళ్లలుగా రాలుతుంది. గట్టి వాన పడి పూర్తిగా నానితే బరువు పెరుగుతుంది, పట్టు పోతుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి. "నెల రోజుల నుంచి నిలబడే ఉంది కదా, ఏమైంది?" అని బిల్డర్లు అంటుంటారు. నెల రోజులు నిలబడింది కాబట్టి రేపు కూడా నిలబడుతుందనే లెక్క మట్టికి వర్తించదు. ఎన్ని రోజులు అలా తెరిచి పెడితే అంత బలహీనపడుతుంది.

కొంచెం లెక్క చెప్తాను. ఆరు వందల చదరపు మీటర్ల జాగాలో ఆరు మీటర్ల లోతు తవ్వితే 3,600 క్యూబిక్ మీటర్ల మట్టి. క్యూబిక్ మీటరు సుమారు 1.8 టన్నులు. అంటే ఆరు వేల టన్నులకు పైగా బరువును అక్కణ్నుంచి ఎత్తేస్తున్నాం. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి టిప్పర్లలోకి ఎక్కేది 4,500 క్యూబిక్ మీటర్ల దాకా ఉంటుంది. టిప్పరుకు పది వేసుకుంటే 450 ట్రిప్పులు. ఇన్నాళ్లూ పక్కింటి కింది మట్టిని అటు నుంచి ఆపి ఉంచింది ఆ ఆరు వేల టన్నులే. అది పోయాక ఆరు మీటర్ల ఎత్తు మట్టి పక్క, ప్రతి మీటరు పొడవుకు, గుంతలోకి దాదాపు 11 టన్నుల బలంతో తోస్తుంది. ఇది ఇసుక కలిసిన మామూలు నేలకు వేసే లెక్క. వెనక నీళ్లు నిండితే ఆ బలం రెట్టింపు దాటుతుంది. అంచు మీద నిండు టిప్పరు నిలబడితే ఇంకో ఇరవై అయిదు టన్నులు దాని మీద పడ్డట్టే. దీన్నంతా ఆపడానికి అక్కడ ఉన్నదేమిటి? ఏమీ లేదు.

పగులు ఎక్కడ వస్తుందో కూడా చెప్పాలి. పక్క జారే ముందు పైన నేలలో అంచుకు సమాంతరంగా ఒక పగులు తీస్తుంది. అది సరిగ్గా అంచు మీద రాదు. గుంత లోతులో సగం నుంచి ముప్పాతిక వంతు దూరం వెనక్కి వస్తుంది. ఇరవై అడుగుల గుంత అయితే పది నుంచి పదిహేను అడుగుల దూరంలో. హద్దు నుంచి నాలుగైదు అడుగులు వదిలాం, ఇక భయం లేదు అనుకునేవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఆ పగులు రావాల్సిన చోట ఇప్పుడు ఎవరిదో బెడ్‌రూం ఉంది, లేదా సెప్టిక్ ట్యాంకు ఉంది.

మా వెనక గుంతను ఆనుకున్న ఇంట్లో ఒక చెల్లె ఉంటుంది. భర్త లేడు, ఇద్దరు పిల్లలు, టైలరింగ్ చేసుకుంటుంది. "అన్నా, మీరు గనిలో చేసిన్రు గదా, మా గోడ ఒక్కసారి వచ్చి సూడరాదే" అని పిలిచింది. వంటింట్లో ప్లాట్‌ఫాం కింద గచ్చుకూ గోడకూ మధ్య సందు తీసింది. ఆ సందులో పోస్టుకార్డు దూరుతోంది. కిటికీ మూల నుంచి పైకి ఏటవాలుగా ఇంకో పగులు. బయట వాకిట్లో, గుంత అంచుకు సమాంతరంగా, సన్న గీత. ఎండలకు నేల పగలడం మన దగ్గర మామూలే అని ఆమెకు ఎవరో చెప్పారట. ఎండ పగులు అడ్డదిడ్డంగా, గళ్లుగళ్లుగా వస్తుంది. ఇది ఒకే గీత, వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు.

గనిలో చేసినట్టే చేశాను. గీతకు అటొకటి ఇటొకటి రెండు మేకులు దిగ్గొట్టి వాటి మధ్య దూరం టేపుతో కొలిచి గోడ మీద పెన్సిల్‌తో తేదీ వేసి రాశాను. గోడ పగులు రెండు చివర్లా గీత గీసి తేదీ వేశాను. పగులు మీద అడ్డంగా సన్నగా సిమెంటు పట్టీ పెట్టాను. పగులు పెరిగితే సిమెంటు పట్టీ తెగుతుంది, అబద్ధం చెప్పదు. రోజూ పొద్దున, వాన పడితే వాన తగ్గిన వెంటనే, కొలవమని ఆమె పెద్దకొడుక్కు చూపించాను. పదో తరగతి పిల్లాడు, శ్రద్ధగా నోట్‌బుక్‌లో రాస్తున్నాడు. మేకుల మధ్య దూరం పెరుగుతూనే ఉంది.

ఆమె సంబంధిత ఆఫీసుకు పోయి దరఖాస్తు ఇచ్చింది. పర్మిషన్ ఉందమ్మా, ప్లాన్ ప్రకారమే కడుతున్నారు అని చెప్పి పంపారు. ప్లాన్‌లో పిల్లర్లు ఎక్కడ వస్తాయో, పార్కింగ్ ఎన్ని కార్లకో ఉంది. గుంత ఎలా తవ్వుతారో ఒక్క ముక్క లేదు. నా బాధ అక్కడే ఉంది. కట్టే బిల్డింగుకు స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం కావాలి, తవ్వే గుంతకు ఎవరి సంతకం ఉందో అడిగేవాళ్లు లేరు. కట్టాక కూలే బిల్డింగులు అరుదు. తవ్వుతుండగా కూలే పక్కలు ఎన్నో.

నియమాలు లేక కాదు. తవ్వకం పనుల భద్రత కోసం ఐఎస్ 3764 అనే భారతీయ ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. కేంద్ర ప్రజా పనుల శాఖ తన కాంట్రాక్టుల్లో పెట్టే సేఫ్టీ కోడ్ తీసి చూడండి, మామూలు మేస్త్రీకి కూడా అర్థమయ్యేలా ఉంటుంది. మీటరున్నర లోతు దాటిన కాలువ పక్కలకు వాలు ఇవ్వాలి, లేదా చెక్కలతో ఆనించాలి. తవ్విన మట్టిని అంచు నుంచి మీటరున్నర దూరంలోపు గానీ, లోతులో సగం దూరంలోపు గానీ, ఏది ఎక్కువైతే ఆ దూరంలోపు పోయకూడదు. కూలీలు ఎక్కి రావడానికి నిచ్చెన ఉండాలి. పైనుంచి కిందికే కోసుకుంటూ రావాలి, కింద పొట్ట తవ్వి పైమట్టిని పడేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. ఈ చివరి మాటను ఊళ్లో ఎవరూ పట్టించుకోరు. కింద మెత్తగా ఉంది కదా అని బకెట్‌తో పొట్ట లాగేస్తారు, పైన చూరులా వేలాడుతున్న మట్టి దానంతట అదే పడుతుందని వదిలేసి భోజనానికి పోతారు. అది వాళ్లు తిరిగి వచ్చేలోపే పడుతుందని నమ్మకమేముంది?

మన నేల సంగతి కూడా తెలుసుకోవాలి. ఓరుగల్లు చుట్టుపక్కల పైన ఎర్ర చెల్క గానీ నల్లరేగడి గానీ, దాని కింద మొరం, ఆ కింద గ్రానైటు. నల్లరేగడి ఎండకు ముడుచుకుని లోతుగా నెర్రెలిస్తుంది, తొలకరి వాన ఆ నెర్రెల్లో పడి సరాసరి లోపలికి దిగుతుంది. మొరం గట్టిగా ఉంటుంది, బకెట్ పళ్లు గీస్తే కిర్రుమంటుంది, కాబట్టి భయం లేదనుకుంటారు. మొరం అంటే కుళ్లిన గ్రానైటే. రాయి మొరంగా మారినా రాయిలో ఉన్న పాత అతుకులు అందులో అలాగే ఉంటాయి. వాటి మీద సన్నని బంకపొర పేరుకుని ఉంటుంది. ఆ అతుకు గుంత వైపు వాలి ఉందంటే, తడి తగలగానే పెళ్ల పెళ్లంతా ఒక్కసారి జారి వస్తుంది. మట్టి కొంచెం కొంచెం రాలి ముందుగా హెచ్చరిస్తుంది, ఇది హెచ్చరించదు. ఇక ఒకప్పటి కుంటలు, నాలాలు పూడ్చి ప్లాట్లు చేసిన చోట్లయితే అసలు నేలే లేదు, అంతా పోసిన మట్టి. అలాంటి చోట నిలువు కోత పెట్టడం మనుషుల ప్రాణాలతో జూదమాడటమే.

ఓరుగల్లు మట్టికోట చూసినవాళ్లందరికీ ఒక సంగతి తెలిసే ఉంటుంది. కాకతీయుల నాటి ఆ మట్టికట్ట ఏడు వందల ఏళ్ల వానలు తట్టుకుని నేటికీ నిలబడి ఉంది. దాని మొదలు ఎంత వెడల్పో, పక్కలు ఎంత వాలో పోయి చూడండి. మన చెరువు కట్టలన్నీ అంతే. మట్టికి ఎంత వాలు కావాలో తెలిసిన ఊరు మనది.

వాన గురించి వేరే చెప్పాలా? 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. మా భూపాలపల్లి పక్కనే మోరంచపల్లి మునిగింది. ఆ వారంలోనే ఇక్కడ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. అలాంటి వాన తెరిచిన సెల్లారు గుంతల మీద పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. గనిలో వానాకాలం ముందే గుంత చుట్టూ కాలువ తీసి, కట్ట పోసి, బయటి నీళ్లు లోపలికి రాకుండా చేస్తాం. రాత్రి వాన పడితే పొద్దున షిఫ్టులో మిషన్ స్టార్టు చేయకముందే బెంచీల మీద నడిచి పగుళ్లు చూస్తాం. పగులు కనిపిస్తే జెండాలు పాతి మనుషుల్ని కిందికి పోనివ్వం. ఊళ్లో సైట్లకు అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు, చుట్టూ అడుగు ఎత్తు మట్టికట్ట, ఒక చిన్న కాలువ, పొద్దున్నే చుట్టూ ఒక చూపు. ఇవీ కరువే.

గుంతలో ఊరిన నీళ్లు తోడేటప్పుడు కూడా ఒకటి గమనించాలి. మోటారు పైపు నుంచి తేట నీళ్లు వస్తుంటే ఫరవాలేదు. రోజుల తరబడి బురద నీళ్లే వస్తున్నాయంటే పక్క ఇళ్ల కింది మట్టి నీళ్లతో పాటు కొట్టుకొస్తోందని అర్థం. తోడటం ఆపి, ఎక్కణ్నుంచి వస్తోందో చూసి, కంకర, ఇసుక సంచులతో అక్కడ వడపోత కట్టాలి.

వాలు ఇవ్వండి అంటే బిల్డర్లు నవ్వుతారు. ఇరవై అడుగుల లోతుకు 45 డిగ్రీల వాలు ఇస్తే నాలుగు పక్కలా ఇరవై అడుగులు పోతాయి, ప్లాటులో ఇంకేం మిగులుతుంది అంటారు. నిజమే. చిన్న ప్లాట్లలో వాలు కుదరదు. కుదరనప్పుడు ముందుగా ఆనింపు పెట్టి తర్వాత తవ్వాలి. హద్దు వెంట బోర్లు వేసి వరసగా కాంక్రీటు పైళ్లు దింపుకుని, అవి గట్టిపడ్డాక లోపలి మట్టి తీయడం ఒక పద్ధతి. ఇనుప దూలాలు నిలువునా దింపి, తవ్వుకుంటూ పోతున్నకొద్దీ వాటి మధ్య పలకలు దూర్చడం ఇంకోటి. మీటరు మీటరు కోస్తూ, పక్కలోకి ఇనుప రాడ్లు గుచ్చి సిమెంటు పాలు ఎక్కించి, పైన జాలీ కట్టి కాంక్రీటు చిమ్మే సాయిల్ నెయిలింగ్ ఉంది. అయితే ఆ రాడ్లు పక్కవాళ్ల జాగ కిందికి పోతాయి కాబట్టి వాళ్లను అడిగి చేయాలి. ఇవేవీ భరించలేనివాళ్లకు పాత పద్ధతి ఉంది. పక్కను ఒకేసారి మొత్తం కోయకుండా రెండు మూడు మీటర్ల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తీసి, అక్కడ మట్టిని ఆపే గోడ, అంటే రిటైనింగ్ వాల్, కట్టి గట్టిపడ్డాక మధ్య ముక్కలు తీయడం. మధ్యలో వదిలిన మట్టి అన్నాళ్లూ పక్కను మోస్తుంది. టైం పడుతుంది, అంతే. ఇది కూడా చేయలేం అంటే ఆ ప్లాటులో సెల్లారు వద్దు. నేలమట్టంలోనే పిల్లర్ల మధ్య కార్లు పెట్టుకునే స్టిల్టు పార్కింగుతో సరిపెట్టుకోవాలి. నాలుగు కార్ల కోసం పక్కింటి పునాది కింది మట్టి లాగేసే హక్కు ఎవరికీ లేదు.

రిటైనింగ్ వాల్ లేచాక దాని వెనక సందు పూడ్చే పని కూడా అధ్వానంగా జరుగుతోంది. ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు, పగిలిన టైల్సు, చెట్టు కొమ్మలు అన్నీ బకెట్‌తో తోసేసి పైన కాస్త మట్టి కప్పుతారు. రెండు వానలకు అది కుంగుతుంది, దాంతో పక్కవాళ్ల ప్రహరీ ఒరుగుతుంది. అప్పటికి బిల్డరు ఫ్లాట్లు అమ్ముకుని వెళ్లిపోయి ఉంటాడు. మంచి మొరం తెచ్చి, అడుగులో ముప్పాతిక వంతు మించని పొరలుగా పోసి, ఒక్కో పొర మీద నీళ్లు చల్లి, చిన్న కంపాక్టరుతో గట్టిగా దిమ్మిస్తే ఈ గొడవ ఉండదు. గోడకు నీళ్లు పోయే రంధ్రాలు వదలాలి, వాటి వెనక కంకర నింపాలి. లేదంటే నేను పైన చెప్పిన రెట్టింపు బలం గోడ మీద పడుతుంది.

పక్క కూలి ఎవరైనా మట్టిలో కూరుకుపోతే ఏం చేయాలో కూడా మన సైట్లలో ఎవరికీ తెలియదు. వెంటనే పది మంది గుంతలోకి దూకుతారు. ఒకసారి జారిన పక్క మళ్లీ జారుతుంది, కాపాడబోయినవాళ్లే కూరుకుపోతారు. ఆ కంగారులో హిటాచీ బకెట్‌తో మట్టి తీయబోతే బకెట్ పళ్లు మనిషికే తగులుతాయి. ఛాతీ దాకా మట్టి కప్పినా మనిషి ఊపిరి తీసుకోలేడు, తల బయటే ఉన్నా సరే. ఊపిరి వదిలినప్పుడల్లా మట్టి ఇంకాస్త బిగుస్తుంది. అందుకే ముందు అంచు మీదున్న టిప్పర్లు, మిషన్లు ఆపి దూరం పంపాలి, ఫైర్ సర్వీసుకు ఫోన్ చేయాలి. జారిన పక్కను దేనితోనైనా ఆనించాకే దిగి, ముందు తల, ఛాతీ చుట్టూ చేతులతో, చిన్న పారలతో మట్టి తీయాలి. నిమిషాల్లో జరగాల్సిన పని ఇది. ముందే అనుకుని ఉంటే తప్ప అప్పటికప్పుడు ఎవరికీ తోచదు.

మీ పేపర్లో కూడా "మట్టిపెళ్లలు విరిగిపడి ఇద్దరు కూలీలు మృతి" అని లోపలి పేజీలో నాలుగు లైన్లు వస్తుంటాయి. ఎక్కడివాళ్లో, పిల్లలెందరో రాస్తారు, చదివి మనసు కలుక్కుమంటుంది. దయచేసి మీ విలేకరులను ఇంకొన్ని సంగతులు కూడా అడిగి రాయమని చెప్పండి. గుంత ఎంత లోతు? పక్కకు వాలు ఉందా, ఆనింపు ఉందా? తవ్విన మట్టి అంచు మీదే పోశారా? తవ్వమని చెప్పింది ఎవరు, పక్కను చూసి సంతకం పెట్టిన ఇంజనీరు ఎవరు? ఈ ప్రశ్నలు రెండు మూడు సార్లు పేపర్లో పడితే సైట్ల మీద ఎవరో ఒకరు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాల్సి వస్తుంది. మట్టిపెళ్లలు వాటంతట అవి విరిగిపడవు. ఎవరో వాటిని నిలువుగా కోసి పెట్టబట్టే విరిగిపడుతున్నాయి.

వరంగల్ మహానగర పాలక సంస్థకు నా విన్నపం. సెల్లారు ఉన్న ప్రతి నిర్మాణానికీ తవ్వకం కోసం విడిగా డ్రాయింగ్ అడగండి. పక్క ఇళ్లు ఎంత దూరంలో ఉన్నాయి, ఎంత వాలు, ఏ ఆనింపు, నీళ్లు ఎటు పోతాయి అన్నది అందులో ఉండాలి, ఇంజనీరు సంతకం ఉండాలి. తవ్వకం మొదలుపెట్టే ముందు పక్క ఇళ్ల గోడలకు ఫోటోలు తీసి ఆ ఇంటివాళ్ల దగ్గరే ఒక కాపీ పెట్టాలి, అప్పుడు తర్వాత ఈ పగులు ముందే ఉందని ఎవరూ తప్పించుకోలేరు. హైదరాబాదులో వానాకాలం సెల్లారు తవ్వకాలు ఆపమని జీహెచ్‌ఎంసీ ఆదేశాలిచ్చిన ఏళ్లున్నాయి, మన దగ్గరా అలాంటి ఆదేశం ఇవ్వండి. ఇప్పటికే తెరిచి ఉన్న గుంతలకు ఆదేశం ఒక్కటే చాలదు. పని ఆపి గుంతను అలాగే వదిలేస్తే ఇంకా ప్రమాదం. ఆనింపు పెట్టించాలి, లేదా పక్కల మొదట్లో మట్టి తిరిగి పోయించాలి. పక్క మొదట్లో పోసిన మట్టి కట్ట కొద్దిపాటి డీజిలు ఖర్చుతో ఒక ఇల్లు నిలబెడుతుంది.

ఆపరేటర్లకు కూడా ఒక మాట. పక్క జారేలా ఉందనిపిస్తే బండి ఆపే అధికారం గనిలో మా వాళ్లకు ఉంది, ఆపినందుకు ఎవరి కూలీ పోదు. ఊళ్లో మీకూ అది ఉండాలి. బండి ఓనర్లు అందరూ కలిసి ఒక మాట మీద నిలబడి, ఆనింపు లేని పక్కలో ఆరడుగుల కంటే కిందికి బకెట్ దించం అంటే, ఈ ఊళ్లో ఒక్క సెల్లారు గుంతా నిలువుగా దిగదు. ఇంకో బండి వస్తుందనే భయం అప్పుడు ఉండదు.

మృగశిర కార్తె దగ్గరపడుతోంది. ఆలోపు పాలక సంస్థ ఇంజనీర్లు తెరిచి ఉన్న గుంతలన్నీ ఒకసారి తిరిగి చూడాలి. మా వెనక వీధి గుంతతో మొదలుపెడితే, ఆ చెల్లె కొడుకు రాసిన కొలతల నోట్‌బుక్ సిద్ధంగా ఉంది. పగుళ్లు ఎక్కడెక్కడున్నాయో నేను వెంట ఉండి చూపిస్తాను. తోటి రిటైర్డు మైనింగ్ సర్దార్లు, ఓవర్‌మెన్లు హనుమకొండలో, కాజీపేటలో చాలామంది ఉన్నారు. పిలిస్తే వాళ్లూ వస్తారు.

ఇట్లు,
సింగరేణి విశ్రాంత ఓవర్‌మెన్,
హనుమకొండ.